పూడ్చిన గని మీద కుంటలు

"ఏయ్ పిల్లా! ఆ ఇనుపది ఆడ్నే పెట్టు!"

మోకాలి లోతు బురదలో ఉన్న స్వరూప తలెత్తి చూసింది. గట్టు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గొడుగు. గొడుగు ఒకవైపు విరిగి, వాన నేరుగా అతని భుజం మీదే పడుతోంది.

"ఎందుకు పెట్టాలె?" అంది.

"ఎందుకా? తుక్కు ఏరుకపోయేటోళ్లతోని పొద్దుగాల్నుంచి నా పానం పోతున్నది. పెట్టి పో. ఎవ్వలికి చెప్ప."

స్వరూప చేతిలో ఉన్నది ఇనుప చువ్వలతో చేసిన నలుచదరపు చట్రం.

"ఇది తుక్కు గాదు. నాది."

"ప్రతోడు గదే అంటడు."

"వెల్డింగ్ షాపుల చేయించుకున్న. దీన్ని నేల మీద ఏసి, ఇందుల ఎన్ని మొక్కలు మొలిచినయో లెక్కపెట్టాలె."

అతను కుంట వైపు చూశాడు. బూడిదరంగు నీళ్ళు, వాటి మీద చినుకులు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గడ్డిపరక లేదు.

"మరి ఎన్నున్నయ్?"

"ఏం లేవు."

"ఏం లేనిదాన్ని లెక్కపెట్టనీకి ఇంత ఇనుము ఎందుకు?"

కోపం రావాలి. కానీ ఆ మాటను అతను వెటకారంగా అనలేదు. రెండు షిఫ్టులు చేసి వచ్చినవాడిలా, నిజంగానే తెలియక, అలసటగా అడిగాడు. స్వరూపకు నవ్వొచ్చింది. గట్టెక్కి, సంచిలోంచి జీఎం ఆఫీసువాళ్ళు ఇచ్చిన పర్మిషన్ కాగితం తీసి చూపించింది.

అతను చదివి, గొడుగు ఆమె వైపు వంచాడు.

"మేడమని ముందే చెప్పొచ్చు గదా."

"ఏయ్ పిల్లా అని మీరు ముందే అన్నరు గదా."

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం. గోదావరిఖని అవతల ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు అయిపోయిన మేరకు మట్టితో పూడ్చి చదును చేశారు. ఆ చదును మీద, వరంగల్ ప్రొఫెసర్ ఒకాయన అడిగితే, కంపెనీవాళ్ళు లోతు లేని కుంటలు కొన్ని తవ్వించారు. వానలకు నిండుతాయి, ఎండాకాలానికి ఎండిపోతాయి. అలాంటి కుంటల్లోకి నీటి మొక్కలు తిరిగి వస్తాయా, వస్తే ఎన్నేళ్ళకు వస్తాయి అన్నది ఆయన ప్రశ్న. జవాబు వెతికే పని స్వరూపది. ఆమె బాటనీలో ఎమ్మెస్సీ చేసింది. వాళ్ళ నాన్న ఆగయ్య గనిలో సర్దార్, ఒక జట్టు మీద పెద్ద. ఇల్లు ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో.

కాపలా మనిషి పేరు నర్సింగం. అంతకుముందు భూగర్భ గనిలో బొగ్గు టబ్బులు తోసేవాడు. ఒకనాడు పైకప్పు కూలి కుడికాలు నలిగింది. నెలల తరబడి దవాఖానాలో ఉన్నాక కాలు నిలిచింది గానీ వంగడం మానేసింది. కిందికి దిగడానికి అన్‌ఫిట్ అని తేల్చి పైన డ్యూటీ ఇచ్చారు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి, ముసలివాళ్ళు చేసే కాపలా పని చేస్తున్నాడు. ఆ సంగతి అతని నడకలో కన్నా మాటలో ఎక్కువ తెలిసేది.

"మేడం, ఎవ్వలన్న చెట్లు పెడ్తరు, పండ్ల తోట పెడ్తరు. మీరేంది, బురద కాడ కూసుంటరు?"

"బురదల గూడ శానా ఉంటయ్."

"ఏమున్నయ్?"

"ఇప్పటికైతె ఏం లేవు."

"మల్ల అదే మాట," అనేవాడు అతను. ఇద్దరూ నీళ్ళ వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ ఏడాదంతా నిజంగానే ఏమీ మొలవలేదు. పూడ్చిన మట్టి పాతాళంలోంచి వచ్చింది. అందులో విత్తనం అన్నది లేదు. కుంటలు నిండాయి, పాచి పట్టాయి, ఎండాయి. స్వరూప సైకిల్ తొక్కుతూ వచ్చేది, ఏమీ లేదని రాసుకుని వెళ్ళేది.

రెండో ఏడు వానలకు ముందు ప్రొఫెసర్ ఒక ఉపాయం చెప్పాడు. పాత కుంట అడుగుమట్టి తెచ్చి ఇక్కడ పరిస్తే, ఆ మట్టిలో నిద్రపోతున్న విత్తనాలు లేస్తాయి. గని అంచు జరుగుతూ పోతున్న వైపు, ఖాళీ చేసిన ఊరొకటి ఉంది. ఆ ఊరి కుంట మరి కొన్నాళ్ళలో తవ్వకంలోకి పోతుంది. అది పోకముందే మట్టి తీసుకోవాలి.

స్వరూప ఆ మాట సంతోషంగా నర్సింగానికి చెప్పింది.

"ఏ ఊరు?"

"ఎర్రకుంటపల్లె."

"అది మా ఊరు మేడం."

స్వరూప చేతిలోని చాయ గ్లాసు కింద పెట్టింది.

"ఇల్లు పాయె, పొలం పాయె. గిప్పుడు కుంట మట్టి గూడ తోడుకచ్చి మీ ఆటకు పోస్తరా?"

"ఆట గాదు..."

"నిరుడుసంది చూస్తున్న. ఆట గాకుంటె ఏంది?"

కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆమె ఇటు గట్టు మీదుంటే అతను అటు గట్టు మీద. స్వరూపకు ఆ పని మీదే విసుగు పుట్టింది. మట్టి వద్దని ప్రొఫెసర్‌కు చెప్పేద్దామనుకుంది.

కానీ టిప్పర్ వచ్చిన రోజు, డ్రైవర్ పక్క సీట్లోంచి మొదట దిగింది వంగని కాలు. తర్వాత నర్సింగం.

"మా అవ్వ తిట్టింది," అన్నాడు ఆమె ముఖం చూడకుండా. "తవ్వి పారేస్తె మట్టిదిబ్బ కింద పడుతది, గీడికొస్తె నీళ్ళన్న తాకుతయ్ గదరా అన్నది. కుంటల ఏ మూల మంచిగుంటదో డ్రైవర్‌కు తెల్వదు. అందుకే పోయిన."

"నర్సింగం..."

"ఊకె నిలబడకుండ్రి. మట్టి ఎండితె పరచరాదు."

ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరూ కూలీలతో కలిసి పారలతో మట్టి పరిచారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమెకు సైకిల్ ఎక్కే ఓపిక లేదు. తోసుకుంటూ నడిచింది. అతను పక్కనే నడిచాడు. అతని నడకకు ఆమె నడక మొదటిసారి సరిపోయింది.

ఆ ఏడు వానలు మోసం చేశాయి. కుంటల్లోకి అరచేయి లోతు నీళ్ళు వచ్చి, వారాల్లోనే ఇంకిపోయాయి. తెచ్చి పరిచిన మట్టి పగుళ్ళిచ్చింది. నర్సింగం ఆ పగుళ్ళ మీద నడుస్తూ, "మా ఊరు రెండోసారి సచ్చింది," అన్నాడు.

స్వరూప ఒక పెళ్ల తీసి సంచిలో వేసుకుని వెళ్ళింది. కొన్నాళ్ళ తర్వాత, ఎండ మండిపోతుంటే, సైకిల్ క్యారియర్ మీద పాత సత్తు గిన్నె కట్టుకుని వచ్చింది. గిన్నె మీద తడిగుడ్డ.

"తీయి," అంది.

అతను గుడ్డ తీశాడు. గిన్నెలో అదే మట్టి. ఇంటి పెరట్లో పెట్టి రోజూ నీళ్ళు పోసిందట. మట్టి మీద సన్నగా, ఒత్తుగా పచ్చదనం. సూదుల్లాంటి తుంగ మొలకలు, గుండ్రటి చిన్న ఆకులు, ఒక మూల లేత పొన్నగంటి కొమ్మ.

"సావలే," అంది స్వరూప. "ఎండకు పండుకున్నయ్. నీళ్ళు తాకేదాక లేవయి. ఏండ్లకేండ్లు గట్లనే ఉంటయ్."

నర్సింగం కాలు చాపి, కష్టపడి నేల మీద కూర్చున్నాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని పొన్నగంటి ఆకును వేలితో ముట్టుకున్నాడు. కాలు నలిగినప్పుడు కూడా ఏడవనివాడు ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఎండ శానా ఉన్నది," అన్నాడు.

"అవును, శానా ఉన్నది," అని ఆమె కూడా అటే చూసింది.

ఆ తర్వాత రెండు వానాకాలాలు బాగా పడ్డాయి. కుంటల అంచులు పచ్చబడ్డాయి. తుంగ వచ్చింది, గుంటగలగర వచ్చింది. నర్సింగం బర్రెలను తరుముతూనే మొక్కల పేర్లు నేర్చుకున్నాడు. లాటిన్ పేర్లు కూడా అడిగి, తప్పుగా పలికి నవ్వించేవాడు. ఆమె అతని సద్దిలో సగం తినేది. "మేడం" ఎప్పుడో "స్వరూప" అయింది. కానీ అసలు మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. అలసిపోయిన మనుషులకు పక్కన కూర్చునే మనిషి దొరికితే చాలనిపిస్తుంది. అంతకంటే అడిగితే ఇది కూడా పోతుందేమోనని భయం.

ఇంతలో ప్రాజెక్టు గడువు ముగిసింది. స్వరూపకు మంచిర్యాలలో జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పొద్దున ప్యాసింజర్ రైలు, సాయంత్రం కిక్కిరిసిన బస్సు. అయినా ఆదివారాలు కుంటల దగ్గరకు వచ్చేది. ఎవరూ పంపకపోయినా వచ్చేది.

ఒక ఆదివారం సైకిల్ మీద రాలేదు. స్కూటర్ వెనక కూర్చుని వచ్చింది. నడుపుతున్నది కళ్ళద్దాలు పెట్టుకున్న యువకుడు.

"మా కాలేజీల జువాలజీ సార్," అంది. "పిట్టల్ని చూస్తనంటె తీస్కొచ్చిన."

సార్ హుషారైనవాడు. కొంగల్ని చూశాడు, చాయ తాగాడు, వెళ్ళబోతూ నర్సింగం చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నర్సింగమన్నా, వచ్చే నెల మా పెండ్లి. తప్పకుండ రావాలె! స్వరూప మేడం, మీరే జిమ్మెదారి, అన్నను పట్టుకరావాలె."

"నేను పట్టుకొస్త," అని స్వరూప నవ్వింది.

నర్సింగం కూడా నవ్వాడు. స్కూటర్ దుమ్ములో కలిసేదాకా నవ్వు ముఖం మీదే ఉంది. ఆ వారంలోనే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు.

ఆ నెల స్వరూప వాళ్ళ అమ్మకు జ్వరం వచ్చి ఆదివారాలన్నీ ఇంట్లోనే గడిచాయి. పెళ్ళికి రమ్మని కబురు పంపితే, మనిషి లేడని జవాబొచ్చింది. ఏ పనిమీదో పోయుంటాడనుకుంది. వానలు మొదలయ్యాక వెళ్ళి చూస్తే కాపలా గుడిసెలో కొత్త మనిషి నిద్రపోతున్నాడు. బర్రెలు నీళ్ళలో ఉన్నాయి. జమ్ము ఎత్తుగా పెరిగి కుంటలను కమ్మేస్తోంది. దాని నీడకు కింద ఏదీ బతకదు. ఇన్నేళ్ళూ అది మొలిచినప్పుడల్లా నర్సింగం పీకేసేవాడు. అది అతని డ్యూటీ కాదు.

స్వరూప చీర కుచ్చిళ్ళు దోపి కాసేపు తనే పీకింది. చేతులు కోసుకున్నాయి. గట్టు మీద కూలబడింది. ఇన్నేళ్ళ అలసట ఒక్కసారే వచ్చి మీద పడ్డట్టయింది.

అక్కడి నుంచి నేరుగా నర్సింగం తల్లి లస్మవ్వ ఇంటికి వెళ్ళింది.

"రామకృష్ణాపూర్ పోయిండు బిడ్డా," అంది ముసలామె. "ల్యాంపు రూముల డ్యూటీ. ఎందుకు పోయినవురా అంటె గాలి పడ్తలేదన్నడు. ఆడ గాలి ఎట్లున్నదిరా అంటె మాట్లాడడు. తిండి తింటలేడు. నీకేమన్న ఎరికేనా?"

"లేదవ్వా. గిప్పుడే ఎరికైతది," అంది స్వరూప.

మర్నాడు కాలేజీ అయ్యాక బస్సెక్కింది. రామకృష్ణాపూర్‌లో గని గేటు దగ్గర అడిగితే, ఆగయ్య సర్దార్ బిడ్డనని తెలిసి లోపలికి పోనిచ్చారు. సెకండ్ షిఫ్టు దిగే వేళ. ల్యాంపు రూము కిటికీ ముందు కార్మికుల వరుస. ఒక్కొక్కరు ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటున్నారు. కిటికీ వెనక నర్సింగం తలెత్తకుండా దీపాలు అందిస్తున్నాడు.

స్వరూప వరుసలో నిలబడింది. ముందున్నవాళ్ళు వింతగా చూసి జరిగి దారి ఇవ్వబోయారు. వద్దంది. తన వంతు వచ్చాక ఖాళీ చెయ్యి కిటికీలో పెట్టింది.

"బిళ్ళ?" అన్నాడు నర్సింగం తలెత్తకుండానే.

"లేదు."

అతను తలెత్తాడు. చేతిలోని దీపం బల్లకు తగిలి ఠంగుమంది.

"నువ్వా? గీడికెందుకచ్చినవ్?"

"పెండ్లికి పట్టుకరమ్మని జిమ్మెదారి ఇచ్చిరి. మనిషే లేకపాయె."

"నీ పెండ్లికి నేను రాకుంటె ఏమైంది?"

వరుసలోని తలలన్నీ ఇటు తిరిగాయి.

"నా పెండ్లా?" అంది స్వరూప. "నా పెండ్లి ఎవ్వలితోని?"

"ఆ సార్ అనలేదా? వచ్చే నెల మా పెండ్లి అని."

"మా పెండ్లి అంటె ఆయన పెండ్లి! ఆయన మేనమామ బిడ్డతోని అయింది. నేను పోయి అక్షింతలేసి బువ్వ తినొచ్చిన. నన్ను అడగకుండనే నాకు పెండ్లి చేసినవా నువ్వు?"

వెనక నుంచి ఒక పెద్ద కార్మికుడు, "నర్సింగం, దీపం ఇచ్చేదుంటె ఇయ్యి. లేకుంటె గీ ముచ్చటే కానీ. మాకు రెండూ మంచిగనే ఉన్నయ్," అన్నాడు. అందరూ నవ్వారు.

నర్సింగం గొంతు తగ్గించాడు.

"నవ్వితివి గదా... ఇద్దరు మంచిగ కనవడ్డరు. నేను అన్‌ఫిట్ మనిషిని. ఎట్ల అడుగుత?"

"అడగకు. ఒక్కటి చెప్పు. ఆడ కూలీలు, డ్రైవర్లు, ఆఖరికి ఆ సార్ గూడ నిన్ను అన్నా అంటడు. ఇన్నేండ్లల్ల నేను ఒక్కసారన్న అన్నా అని పిలిచిన్నా?"

నర్సింగం ఆలోచించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లే."

"గది గూడ సమజ్ గాలేదా?"

"చదువుకున్నదానివి గదా, పేరు పెట్టి పిలుస్తున్నవనుకున్న."

వరుసలో ఈసారి నవ్వు గేటు దాకా వినబడింది. స్వరూపకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కిటికీ చెక్క మీద నుదురు ఆనించింది.

"నర్సింగం, నాకు పానమలిసింది. రైలు, బస్సు, కాలేజీ. ఆ కుంటల కాడ నీ పక్కన కూసుంటెనే ఇంత నిమ్మలముండేది. గదీ లేకుంటె ఎట్ల?"

అతను బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె వేళ్ళు ముట్టుకున్నాడు. జమ్ము కోసిన గాట్లు కనిపించాయి.

"ఒక్కదానివే పీకినవా?"

"మరి ఎవ్వలున్నరు?"

"ఐతారం వస్త," అన్నాడు. "ఇద్దరం పీకుదాం."

ఆదివారం వచ్చాడు. ఆ తర్వాత ఆదివారం కూడా. వంగని కాలితో నీళ్ళలో దిగి జమ్మును వేర్లతో సహా లాగితే, ఆమె గట్టుకు చేర్చేది. మధ్యాహ్నానికి ఇద్దరికీ నడుములు పడిపోయేవి. మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ వానాకాలమంతా అలాగే గడిచింది. మరుసటి ఏడు వెలుతురు తగిలిన నీళ్ళలో, ఎవరూ నాటని అల్లి ఆకులు తేలాయి. ఒక పొద్దున తెల్లటి అల్లి పువ్వు విచ్చింది. ఎర్రకుంటపల్లె మట్టి లోపల, ఇన్ని ఎండలకు ఎండి కూడా బతికే ఉందది. లస్మవ్వను రిక్షాలో తీసుకొచ్చి చూపించారు. ముసలామె పువ్వును కాసేపే చూసింది. తర్వాత కొడుకును, స్వరూపను చూసింది.

"పువ్వు కనవడ్డది గానీ, లగ్గం ఎప్పుడు?" అంది.

మిగిలింది ఆగయ్య.

ఆ రోజు ఆయన ఫస్ట్ షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, వరండాలో వాలుకుర్చీలో కూర్చున్నాడు. కనురెప్పల అంచున బొగ్గు నలుపు ఎంత కడిగినా పోదు. నర్సింగం ఎదురుగా స్టూలు మీద కూర్చుని విషయం చెప్పాడు. స్వరూప గుమ్మంలో నిలబడింది.

ఆగయ్య చాలాసేపు చెప్పులు చూసుకున్నాడు.

"నువ్వు మంచోనివే కొడుకా. కానీ బిడ్డను ఇయ్య. మనసుల పెట్టుకోకు," అన్నాడు. "టైం గాని టైంల సైరన్ మోగితె నా పెండ్లాం చెయ్యి పొయ్యి మీదనే ఆగేది. ముప్పయ్యేండ్లు గట్లనే గడిచింది. ఎందరి ఇండ్లకు నేను కబురు మోసుకపోయిన్నో నాకే ఎరుక. గని మనిషికి బిడ్డనియ్యనని అప్పుడే ఒట్టు పెట్టుకున్న. అందుకే గంత చదివిచ్చిన."

"బాపూ..." అంది స్వరూప.

"నువ్వు ఉండు బిడ్డా."

నర్సింగం వంగని కాలును కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"కాకా, నన్ను కిందికి దిగనియ్యరు."

"ఇయ్యాల దిగనియ్యరు. రేపు మనుషులు తక్కువైతె?"

"దిగనియ్యరు. మెడికల్ బోర్డు రాసింది. నేను కాళ్ళు మొక్కినా పంపరు."

"ఎన్నేండ్ల దాక?"

"ఎప్పటికి గూడ," అన్నాడు నర్సింగం. ఆ మాటను అతను ఎన్నోసార్లు ఎందరికో సిగ్గుపడుతూ చెప్పాడు. సిగ్గు లేకుండా చెప్పడం అదే మొదలు.

ఆగయ్య ఆ కాలు వైపు చూశాడు. సర్దార్ కన్ను, గని పైకప్పు నిలుస్తుందా లేదా అని చూసే కన్ను. అటుపక్క నుంచి, ఇటుపక్క నుంచి చూసి, లోపలికి కేకేశాడు.

"ఏమే! చాయ పెట్టు. కిందికి దిగని అల్లుడు దొరికిండు!"

లోపల గిన్నె కిందపడ్డ చప్పుడైంది. స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముహూర్తం సంగతి చెప్త," అని ఆగయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "ముందుగాల మీ అవ్వను అడగాలె... ఆ తర్వాత..."

మాట అక్కడే ఆగింది. ఇద్దరూ కాసేపు చూశారు. ఆయన గొంతులోంచి సన్నగా గురక వచ్చింది.

చాయ వచ్చింది. ఎవరూ లేపలేదు. నర్సింగం తన గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టి, స్టూలు మీద కొంచెం పక్కకు జరిగాడు. మిగిలిన చోట్లో స్వరూప వచ్చి కూర్చుంది. ఆయన తనంత తాను లేచేదాకా, ఇద్దరూ గొంతు తగ్గించి పెళ్ళికి ఎవరెవరిని పిలవాలో మాట్లాడుకున్నారు.